దెబ్బ తగిలిందని ఎవరు రాయాలి?

రాతతో ఆడే రోల్‌ప్లే గురించి తెలియనివాళ్ళకి రెండు మాటల్లో చెప్పాలంటే, అది కొంతమంది కలిసి వంతులవారీగా రాసుకుంటూ పోయే కథ. ఇద్దరు ఉండొచ్చు, పదిమంది ఉండొచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర. డిస్కార్డ్‌లో ఆడతారు, వాట్సాప్ గ్రూపులోనూ ఆడతారు. నా పాత్ర ఏం చేసిందో నేను రాస్తాను, మీ పాత్ర ఏం చేసిందో మీరు రాస్తారు. బొమ్మలుండవు, స్కోరు ఉండదు, చాలాచోట్ల పాచికలు కూడా ఉండవు. ప్రేమ, రాజసభ, సంతలో బేరం, అడవిలో ప్రయాణం అన్నీ ఈ పద్ధతిలో హాయిగా సాగిపోతాయి. పేచీ వచ్చేది కొట్లాట దగ్గర. బేరంలో ఇద్దరూ ఎక్కడో ఒకచోట కలుస్తారు. కత్తిపోరులో ఒకరి కోరిక తీరితే రెండోవారి కోరిక తీరదు. నా కత్తి మీ పాత్ర భుజాన్ని కోసిందన్న వాక్యం నేను రాయాలా, మీరు రాయాలా? దాదాపు అర్ధ శతాబ్దంగా ఆటగాళ్ళు ఈ ప్రశ్నకి రకరకాల జవాబులు చెబుతూ వచ్చారు. కొన్ని బాగా పనిచేశాయి, కొన్ని గుంపులకి గుంపుల్నే చీల్చాయి.

పాత పౌరాణిక సినిమాల్లో అస్త్రాల యుద్ధం అందరం చూసినదే. ఇటునుంచి ఆగ్నేయాస్త్రం వస్తే అటునుంచి వారుణాస్త్రం, నాగాస్త్రానికి గరుడాస్త్రం. అది చూసొచ్చిన పిల్లలు వీధిలో అదే ఆట మొదలుపెడితే పది నిమిషాల్లో తగవు ఖాయం. "నీ బ్రహ్మాస్త్రానికి కూడా నా దగ్గర విరుగుడుంది" అని ఒకడంటే, "దానికి విరుగుడు లేదురా, సినిమాలో చూపించారు" అని ఇంకొకడు. సినిమాలో ఎవడు పడిపోవాలో స్క్రీన్‌ప్లే రాసినవాడికి ముందే తెలుసు కాబట్టి అక్కడ తగవు లేదు. రోల్‌ప్లేలో ఆ రచయిత ఉండడు. ఉన్నవాళ్ళంతా అస్త్రాలు వేసేవాళ్ళే.

తొండికి ఈ లోకంలో పేర్లు చాలా ఉన్నాయి. తన పాత్రకి ఏ దెబ్బా తగలకుండా, అన్ని శక్తులూ తనకే ఉన్నట్టు రాసుకోవడం గాడ్‌మోడింగ్. ఎదుటివాడి పాత్ర ఏం చేసిందో, ఏమైపోయిందో కూడా తనే రాసేయడం పవర్‌గేమింగ్. కొట్టానని రాస్తూనే తగిలిందని కూడా రాస్తే ఆటోహిట్. ఆటగాడిగా తనకి తెలిసిన రహస్యాన్ని తెలిసే దారి లేని తన పాత్ర చేత వాడించడం మెటాగేమింగ్. ఒక గుంపులో మొదటి పేరుతో పిలిచేదాన్ని ఇంకో గుంపులో రెండో పేరుతో పిలుస్తారు. దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. జీటీఏ రోల్‌ప్లే వీడియోలు చూసే మన కుర్రాళ్ళకి ఈ మాటలన్నీ పరిచయమే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. కోట గుమ్మం, అర్ధరాత్రి. ఒక ఆటగాడి పాత్ర కావలివాడు మల్లన్న, చేతిలో బల్లెం. రెండో ఆటగాడి పాత్ర దొంగ చంద్రి, చేతిలో పిడిబాకు. చంద్రి తరఫున పోస్టు ఇలా వచ్చింది:

"చంద్రి చీకట్లోంచి దూకి మల్లన్న బల్లేన్ని పక్కకి తన్నేసింది. అతను తేరుకునేలోపే పిడిబాకు డొక్కలో దిగింది. మల్లన్న మోకాళ్ళ మీద కూలబడి, ఇన్నాళ్ళూ ఎంత పొగరుగా బతికాడో తలుచుకుని కుమిలిపోయాడు."

కథగా చదివితే తప్పు కనిపించదు. ఆటగా చూస్తే మూడు వాక్యాల్లో మూడుసార్లు ఇంకొకరి సొత్తు లాక్కున్నట్టే. బల్లెం పక్కకి పోయిందని తేల్చింది ఆమే, బాకు దిగిందని తేల్చిందీ ఆమే. మూడోది మరీ ఘోరం. మల్లన్న మనసులోకి దూరి అతని పశ్చాత్తాపం కూడా రాసేసింది. మొదటి రెండూ తొందరపాటని వదిలేయొచ్చు గానీ, మూడోదాన్ని ఏ ఆటగాడూ క్షమించడు. శరీరానికి తగిలిన దెబ్బని సర్దుకుంటారు. పాత్ర స్వభావాన్ని ఇంకొకరు రాస్తే సర్దుకోలేరు. అదే పోస్టు పద్ధతిగా ఇలా ఉంటుంది:

"చంద్రి చీకట్లోంచి దూకింది. ఎడమకాలు బల్లెం కర్ర మీదికి విసిరింది, మొన కాస్త పక్కకి జరిగితే చాలు. కుడిచేతిలో పిడిబాకు కిందనుంచి అతని డొక్క వైపు వస్తోంది."

ఇప్పుడు మల్లన్న ఆటగాడికి రాయడానికి ఏదో మిగిలింది. అతని జవాబు:

"బల్లెం చేజారలేదు గానీ మొన పక్కకి పోయింది. మల్లన్న వెనక్కి అడుగేశాడు, చాలలేదు. బాకు తోలు చొక్కాని చీల్చి డొక్క మీద గీత గీసింది. లోతు లేదు, రక్తం మాత్రం వెచ్చగా తగిలింది. 'ఓసి దొంగదానా!' అని అరుస్తూ కర్రతో ఆమె మణికట్టు మీదికి కొట్టాడు."

ఈ జవాబులో మర్యాదంతా "చాలలేదు" అన్న ఒక్క మాటలో ఉంది. తప్పించుకున్నాడని రాసుకునే హక్కు పూర్తిగా ఉండి కూడా కొంత దెబ్బ తీసుకున్నాడు. తీసుకుని, మణికట్టు మీద తన దెబ్బని తగిలిందని రాయకుండా వదిలాడు. ఆమె ఇప్పుడు బాకు జారవిడుస్తుందో, చెయ్యి వెనక్కి లాక్కుంటుందో ఆమె ఇష్టం.

దాడి చేసేవారు ప్రయత్నం వరకే రాయాలి, ఫలితం దెబ్బ తినేవారు రాయాలి. ఈ కట్టుబాటు ఇప్పుడు ఎంత పాతుకుపోయిందంటే దీనికి కొన్నిచోట్ల టీ-1 అని పొట్టి పేరు కూడా పెట్టుకున్నారు. పాచికలు లేని పోరాటాల్లో ఎక్కువగా నడిచేది ఇదే. చూడగానే న్యాయంగా అనిపిస్తుంది. నా శరీరం మీద అధికారం నాది, దాన్ని కాదనేదెవరు?

చిక్కల్లా ఈ కట్టుబాటు కొట్టేవాడి చెయ్యి కట్టేసి, తినేవాడికి పూర్తి అధికారం ఇచ్చేయడంలో ఉంది. తప్పించుకోవడం ఎప్పుడూ అతని చేతిలోనే ఉంటుంది. పది పోస్టులైనా, ఇరవై పోస్టులైనా గాలి తగిలినట్టు పక్కకి జరుగుతూ పోవచ్చు. ప్రతిసారీ ఒంటిని అంగుళం పక్కకి తిప్పానంటాడు. ప్రతి పోస్టూ నియమం ప్రకారమే ఉంటుంది, మొత్తం పోరాటం మాత్రం తొండి. దీనికి విరుగుడుగా "న్యాయమైన పాలు దెబ్బలు తీసుకోవాలి" అని నియమం రాసుకుంటారు. పాలు ఎంతో ఎవరు కొలుస్తారు? కొలిచే త్రాసు లేకే కదా తగవు మొదలైంది.

నా మటుకు ఈ ప్రశ్నకి కీలకం ఇక్కడే ఉంది. కొట్టేవాడి అత్యాశ మీద పుట్టినన్ని నియమాలు, ఓడిపోవడానికి ఒప్పుకోనివాడి మీద పుట్టలేదు. మొదటివాడి తప్పు ఒక్క వాక్యంలో పట్టుబడుతుంది. రెండోవాడిది ఇరవై పోస్టులు చదివితే గానీ తెలియదు. ఓడినవాడికి ఏదో ఒకటి దక్కేలా చూసే పద్ధతి కావాలి. వచ్చిన పద్ధతుల్లో ఆ పని ఏది ఎంతవరకు చేసిందన్నదే నేను చూసే కొలత.

రాతతో ఆడే ఆటల చరిత్రలో మొదటి జవాబు కంప్యూటరు ఇచ్చింది. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ కలిసి మడ్ అనే ఆట రాశారు. తెర మీద అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండవు. ఒకరినొకరు కొట్టుకోవచ్చు. తగిలిందా లేదా అన్నది ప్రోగ్రామే తేలుస్తుంది, ఒంట్లో ఎంత సత్తువ మిగిలిందో లెక్క అదే పెడుతుంది. ఇక్కడ వాదనకి తావు లేదు. దానికి తగ్గట్టే రాతకీ తావు లేదు. కొట్టమని ఆదేశం టైపు చేస్తారు, వాక్యం యంత్రం రాస్తుంది. 1989లో అమెరికాలోని కార్నెగీ మెలన్‌లో జేమ్స్ ఆస్ప్‌నెస్ రాసిన టైనీమడ్ పోరాటాన్ని పక్కన పెట్టేసింది. కబుర్లు చెప్పుకోవడం, గదులు కట్టుకోవడం అందులో ముఖ్యమైన పనులు. అక్కడినుంచి పుట్టిన మష్, మూ అనే రకాల ఆటల్లో 'పోజ్' అనో 'ఇమోట్' అనో ఒక ఆదేశం ఉండేది. దాని తర్వాత ఏ వాక్యం రాసినా మీ పాత్ర పేరు తగిలించి అందరికీ చూపిస్తుంది. యంత్రం కలం వదిలేసింది, ఆటగాళ్ళు పట్టుకున్నారు. మన ప్రశ్న ఆటగాళ్ళ చేతికి వచ్చింది అప్పుడే.

ఆ స్వేచ్ఛ ఎంత దూరం పోగలదో 1993లో తేలిపోయింది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ నడిపిన లామ్డామూ అనే ఆటలో, మిస్టర్ బంగిల్ అనే పేరుతో తిరిగే ఒక ఆటగాడు 'వూడూ బొమ్మ' అనే చిన్న ప్రోగ్రాము వాడాడు. ఇతరుల పాత్రలు చేయని పనుల్ని వాళ్ళే చేసినట్టు అది తెర మీద చూపిస్తుంది. దానితో అతను కొందరి పాత్రల మీద అందరి ముందూ లైంగిక దాడి రాశాడు. జూలియన్ డిబెల్ ఆ ఉదంతాన్ని విలేజ్ వాయిస్ పత్రికలో రాశాక ప్రపంచానికి తెలిసింది. అక్కడివాళ్ళు సభ పెట్టి గంటల తరబడి వాదించుకున్నా తేల్చలేకపోయారు. చివరికి నిర్వాహకుల్లో ఒకరు తనంతట తాను ఆ పాత్రని తీసేశారు. ఆ తర్వాత కర్టిస్ అర్జీలు, ఓట్ల పద్ధతి తెచ్చారు.

దీన్ని సాధారణ పోరాట తగవుతో ఒకే గాటన కట్టకూడదు, అది చాలా పెద్ద నేరం. కానీ ఇంకొకరి పాత్ర ఏం చేసిందో తను రాయడమన్న పని రెండుచోట్లా ఒకటే. పవర్‌గేమింగ్ అంటే పాతకాపులు ఎందుకంత మండిపడతారో కొత్తవాళ్ళకి అర్థం కాదు. "ఆట కదా, కత్తిపోటే కదా" అంటారు. కత్తిపోటు గురించి ఎవరికీ బాధ లేదు. నేను నడిపే మనిషి నోట్లోంచి, ఒంట్లోంచి ఇంకొకరి మాట, ఇంకొకరి కదలిక రావడం దగ్గరే ఒళ్ళు జలదరిస్తుంది.

చాలా మష్‌లు అందుకే ఒప్పుదల మీద నడిచాయి. పాత్ర యజమాని ఒప్పుకోకుండా ఆ పాత్రకి చావు గాని, శాశ్వతమైన గాయం గాని రాయకూడదు. బలహీనులకి ఇది పెద్ద రక్ష. దీన్ని అడ్డం పెట్టుకుని బతికే ఒక జాతి ఆటగాళ్ళు కూడా తయారయ్యారు. రాజుగారి ముఖం మీద ఉమ్మేస్తారు, సేనాపతి గడ్డం పట్టుకు లాగుతారు, భటులు పట్టుకోబోతే మాత్రం "నాకు ఒప్పుదల లేదు" అంటారు. అప్పుడు ఇంకో సూత్రం వచ్చింది: కథలో చేసిన పనికి కథలో ఫలితం అనుభవించాలి. ఉమ్మినవాడు ఖైదుకి ముందే ఒప్పుకున్నట్టు లెక్క. మంచి సూత్రమే, వాడకం తేలిక కాదు. ఉమ్మినందుకు ఖైదు సరే, తల తీయొచ్చా? అక్కడ మళ్ళీ పెద్దమనిషి కావాల్సి వస్తాడు.

పెద్దమనిషి పద్ధతి నిజానికి వీటన్నిటికన్నా పాతది. ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణకి రైస్విట్జ్ అనే యువ అధికారి 1824లో యుద్ధక్రీడ నియమాలు ప్రకటించాడు. పటం, దిమ్మెలు, పాచికలు, నష్టాల పట్టికలు, మధ్యలో ఒక తీర్పరి. పట్టికల బరువు మోయలేక ఆట నత్తనడక నడుస్తోందని, అనుభవమున్న అధికారి తన బుద్ధితో తీర్పు చెబితే చాలని 1876లో వెర్డీ దు వెర్న్వా అనే ప్రష్యా సేనాధికారి అన్నాడు. లెక్క గొప్పదా, తీర్పు గొప్పదా అని ఇవాళ డిస్కార్డ్‌లో జరిగే పోట్లాట అప్పుడే జరిగిపోయింది. ఆ తీర్పరి ఆలోచన అమెరికా చేరి, 1969లో డేవిడ్ వెస్లీ నడిపిన బ్రౌన్‌స్టైన్ ఆటలోకి, అక్కడినుంచి డేవ్ ఆర్నెసన్ చేతికి, చివరికి 1974లో గైగాక్స్, ఆర్నెసన్ కలిసి తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే టేబుల్ ఆటలోకి వచ్చింది.

టేబుల్ చుట్టూ కూర్చుని ఆడేటప్పుడు తీర్పరి బాగా పనికొస్తాడు. అతను ఆటలో భాగం, కథ అతనిదే. ఇద్దరు ఆటగాళ్ళ మధ్య తగవు ముదిరాక పిలిపించిన మోడరేటరు పని వేరు. అతను ఇరవై పోస్టులు చదవాలి, ఎవరి పక్షం తీసుకున్నా రెండోవారు "నీ స్నేహితుడని చెప్పావు" అంటారు. భారతంలో బలరాముణ్ణే చూడండి. భీముడికీ దుర్యోధనుడికీ ఇద్దరికీ గద నేర్పినవాడు. నాభి కింద కొట్టకూడదన్న నియమం అందరికన్నా బాగా తెలిసినవాడు. దుర్యోధనుడి తొడ విరిగాక ఆయన నాగలి ఎత్తాడు, కృష్ణుడు సర్దిచెప్పాడు, ఆయన కోపంతో ద్వారకకి వెళ్ళిపోయాడు. విరిగిన తొడ విరిగినట్టే ఉంది. తర్వాత వచ్చే తీర్పరితో ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. చాలా గుంపులు ఈ పద్ధతికి ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువ విలువ ఇస్తున్నాయి.

తీర్పరితో ఇంకో చిక్కు కూడా ఉంది. అతను పాత్రల బలాబలాలు చూడాలి గానీ, కళ్ళ ముందు ఉండేది రాతే. బాగా రాసినవాడు గెలుస్తాడు. కత్తి పట్టు, ఎముకల పేర్లు, నరం ఎక్కడ తెగితే చెయ్యి పడిపోతుందో తెలిసినవాడు గెలుస్తాడు. తెలివితేటలకి ఫలం దక్కడం తప్పు కాదు. కానీ అంతర్జాతీయ సర్వర్లలో ఇంగ్లీషులో రాసే మన కుర్రాడు, ఇంట్లో పుట్టినప్పటినుంచీ ఆ భాషే మాట్లాడేవాడితో తలపడితే, పాత్ర ఎంత గొప్ప వీరుడైనా రాత దగ్గర తేలిపోతాడు. పాచికలకి వ్యాకరణం తెలియదు. వాటి పక్షాన నేను చెప్పే మొదటి మాట ఇది.

పాచికల దగ్గరికి వెళ్ళేముందు కాలం గురించి ఒక మాట. తగవుల్లో చాలా కాలం మీదే వస్తాయి, నియమాల పేజీల్లో మాత్రం దాని ఊసే ఉండదు. ఒకాయన పోస్టు చూడండి: వంగి దెబ్బ తప్పించుకున్నాడు, పక్కకి దొర్లాడు, గుప్పెడు ఇసక తీసి కళ్ళలో కొట్టాడు, లేచాడు, గోడ ఎక్కాడు, విల్లు తీశాడు, మూడు బాణాలు వదిలాడు. ఏడు పనులు! ఎదుటివాడు ఈ లోపల స్తంభంలా నిలబడి ఉండాలా? అతను ఇసక దగ్గరే అడ్డుకుంటానంటే తర్వాతి నాలుగు పనులూ రద్దు. కథ వెనక్కి నడవాలి, రాసినవాడికి ఒళ్ళు మండుతుంది. దీనికి చాలామంది వాడే ఉపాయం సాదాసీదాగా ఉంటుంది. ఒక పోస్టులో ఎదుటివారి దెబ్బకి ఒక జవాబు, తన తరఫున ఒక దెబ్బ. ఇంతే. రాత కాస్త గిడసబారినట్టు ఉన్నా వంద తగవులు తప్పుతాయి. వంతుల్లేకుండా ఎవరు ముందు టైపు చేస్తే వాళ్ళ దెబ్బ ముందు పడే ఆటలు కూడా పాత చాట్ గదుల్లో నడిచేవి. అందులో గెలిచేది పాత్రా కాదు, రచయితా కాదు, వేళ్ళు.

పాచికలు చాట్ గదుల కాలంనుంచే ఉన్నాయి. అమెరికా ఆన్‌లైన్ అనే సంస్థ చాట్ గదుల్లో పాచిక వేసే ఆదేశం ఉండేది. 2015లో డిస్కార్డ్ వచ్చాక ఆ పని బాట్‌లు చేస్తున్నాయి. అందరి ముందూ పడుతుంది, దాచడానికి లేదు. పాచిక వల్ల పెద్ద మేలేమిటంటే ఓటమికి ఎవరూ బాధ్యులు కారు. "నేను ఒప్పుకుని ఓడాను" అనే అవమానం లేదు, "నువ్వు నన్ను ఓడించావు" అనే పగ లేదు.

లెక్క తెలియకుండా వాడితే మాత్రం పాచిక కూడా అన్యాయమే చేస్తుంది. ఇరవై ముఖాల పాచిక ఇద్దరూ వేస్తారు, ఎక్కువ వచ్చినవారిది గెలుపు అనుకుందాం. మొత్తం 400 జతలు. సమానుల మధ్య 20 జతల్లో సమానం, మిగతా 380లో చెరి 190. ఇప్పుడు ఒకరు దేశమంతా పేరున్న కత్తివీరుడు, రెండోవారు నిన్న కత్తి పట్టిన కుర్రాడు. వీరుడి పాచికకి 5 కలిపారు. అతను గెలిచే జతలు 280, సమానం 15, ఓడేవి 105. అంటే నాలుగింట ఒకసారికి పైగా ఆ కుర్రాడు దేశంలోకెల్లా గొప్ప వీరుణ్ణి పడగొడతాడు. కథ చదివేవాడు నవ్వుతాడు, వీరుణ్ణి నడిపేవాడు ఏడుస్తాడు. సమానం వస్తే మళ్ళీ వేసేలా పెట్టి, మూడింట రెండు గెలిచినవారిదే పోరాటం అంటే వీరుడి గెలుపు అవకాశం 100కి 73నుంచి 82కి పెరుగుతుంది. అయిదింట మూడు అంటే 87. ఒకే పాచికతో పోరాటం తేల్చడం అదృష్టానికి పట్టం కట్టడం, ఎక్కువసార్లు వేస్తే నైపుణ్యానికి. ఎంత అదృష్టం కావాలో గుంపు ముందే తేల్చుకుని, దానికి తగ్గట్టు ఎన్నిసార్లు వేయాలో రాసుకోవాలి. ఈ చిన్న లెక్క వేసుకోకుండానే చాలా చోట్ల "పాచికలు మాకు పడవు" అని పక్కన పడేశారు.

పాచికలు వద్దనేవాళ్ళకి 1991లో ఎరిక్ వుజిక్ ఒక వింత దారి చూపించాడు. రోజర్ జెలాజ్నీ నవలల మీద కట్టిన ఆంబర్ డైస్‌లెస్ రోల్‌ప్లేయింగ్‌లో ఆటగాళ్ళు మొదట్లోనే వేలంపాట పాడి బలం, యుద్ధవిద్య వంటి గుణాల్లో స్థానాలు కొనుక్కుంటారు. యుద్ధవిద్యలో పైస్థానంలో ఉన్నవాడు సూటి పోరాటంలో గెలుస్తాడు. అందులో మార్పు లేదు. కిందివాడు గెలవాలంటే పోరాటం స్వరూపాన్నే మార్చాలి, మెట్ల మీదికి లాగాలి, మాటల్లో పెట్టాలి, పారిపోవాలి. దెబ్బ తగిలిందా అన్న ప్రశ్న దాదాపు మాయమై, ఓడబోయేవాడు ఏం చేస్తాడన్నది కథ అవుతుంది. రాత రోల్‌ప్లేకి ఇది టేబుల్ ఆటకన్నా బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది. కాకపోతే ఎవరెంత బలవంతులో అందరూ ముందే ఒప్పుకోవాలి, అదేమంత చిన్న పని కాదు.

ఓడినవాడికి ఏదో దక్కాలన్నాను. ఆ పని సూటిగా చేసింది ఫేట్ అనే ఆట. 2013లో వచ్చిన ఫేట్ కోర్‌లో, ఎదుటివారు పాచిక వేయకముందే "నేను ఓటమి ఒప్పుకుంటున్నాను" అని చెప్పొచ్చు. అలా చెప్పినవాడు ఓడిపోతాడు, అది ఖాయం. కానీ ఎలా ఓడాలో చెప్పడంలో అతనికీ భాగం ఉంటుంది. కాలువలో పడి కొట్టుకుపోయాడా, కత్తి కింద పెట్టి తలవంచాడా అన్నది అతను కూడా తేలుస్తాడు. పైగా తర్వాత వాడుకోవడానికి పాయింట్లు కూడా వస్తాయి. ఆఖరి దాకా మొండికేసి ఓడిన వాణ్ణి ఏం చేయాలో గెలిచినవాడు తేలుస్తాడు. ముందే ఒప్పుకుంటే లాభం, మొండికేస్తే నష్టం అని నియమమే చెబుతోంది. పాయింట్ల లెక్క లేని గుంపులు కూడా ఇందులో సారం తీసుకోవచ్చు: ఓడిన పాత్ర యజమానికి తర్వాతి సన్నివేశం ఎక్కడ, ఎప్పుడు మొదలవ్వాలో ఎంచుకునే హక్కు ఇవ్వండి. ఓడితే పక్కన కూర్చోబెట్టరన్న నమ్మకం ఉంటే చాలామంది దెబ్బ తినడానికి వెనకాడరు.

ఫలితం ముందే మాట్లాడుకుని రాయడం ఇంకో పద్ధతి. ఇద్దరూ విడిగా కబురాడుకుని, "ఈసారి చంద్రి తప్పించుకుంటుంది, మల్లన్నకి చెయ్యి విరుగుతుంది, రాత్రి కథ అక్కడ ఆగుతుంది" అనుకుంటారు. ఆ తర్వాత ఆటోహిట్ కూడా తప్పు కాదు, ఇద్దరూ ఒకే కొట్లాటని కలిసి కడుతున్నారు. ఉత్కంఠ చచ్చిపోతుందని కొందరి అభ్యంతరం. మన సినిమాల్లో హీరో గెలుస్తాడని తెలియనివాడు థియేటర్లో ఒక్కడైనా ఉంటాడా? ఫైట్ మాస్టర్ని అడిగితే చెబుతాడు, దెబ్బ కొట్టే హీరోకన్నా దెబ్బ తిని ఎగిరిపడే ఫైటరుకే పని ఎక్కువ. రంగస్థల పోరాటంలోనూ జుట్టు పట్టుకుని ఈడ్చే దృశ్యంలో కదలికని నడిపించేది ఈడ్చబడే నటుడే. లాగేవాడి చెయ్యి ఊరికే ఆనుకుని ఉంటుంది. దెబ్బ తినడం కూడా ఒక విద్య అని ఈ పద్ధతిలో రాసేవాళ్ళకే త్వరగా అర్థమవుతుంది. ఒకరినొకరు ఎరిగిన స్నేహితులకి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. పరిచయం లేనివాళ్ళతో మాత్రం ఇది కుదరదు, గెలుపు ఎవరిదో మాట్లాడుకోవడమే మొదటి పోట్లాట అవుతుంది.

ఈ పద్ధతులన్నీ తరచూ కలిపేసే రెండు ప్రశ్నలున్నాయి. ఎవరు గెలిచారన్నది ఒకటి. ఓడినవాడికి ఏమైందన్నది రెండోది. మొదటిదాన్ని పాచికకో వంతులకో అప్పగించినా నష్టం లేదు. రెండోదాన్ని, అంటే చావు, అంగవైకల్యం, చిత్రహింస, అవమానం వంటివాటిని, పాత్ర యజమానిని అడగకుండా తేల్చకూడదు. రెండేళ్ళుగా రోజూ రాస్తున్న పాత్ర ఒక్క పాచికతో చచ్చిపోతే ఆ మనిషి గుంపు వదిలి వెళ్ళిపోతాడు. టేబుల్ ఆటల్లో ఈ ఎరుక ఆలస్యంగా వచ్చింది. కథలోకి అసలు రాకూడని విషయాలేవో, వచ్చినా తెర వెనకే జరగాల్సినవేవో ముందే చెప్పుకునే పద్ధతి 2003 ప్రాంతంలో రాన్ ఎడ్వర్డ్స్ రాతలనుంచి వ్యాపించింది. ఆట మధ్యలో ఇబ్బంది పెట్టేదాన్ని కారణం అడక్కుండా తీసేయమనే ఎక్స్-కార్డ్‌ని 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ తెచ్చాడు. రాత రోల్‌ప్లేలో కార్డు లేకపోయినా, బ్రాకెట్లో ఒక మాట రాస్తే అదే పని అవుతుంది. ఓడిపోకుండా తప్పించుకోవడానికి దీన్ని వాడేవాడు ఉంటాడు కదా అంటారు. ఉంటాడు. గెలుపుని ముందే వేరు చేసి పెట్టుకుంటే అతనికి ఆ వీలుండదు. మెడ తెగకూడదంటే సరే, తెగదు. ఓడిపోయావు మాత్రం ఓడిపోయినట్టే.

డచ్ చరిత్రకారుడు హుయిజింగా 1938లో వచ్చిన హోమో లూడెన్స్‌లో తొండి ఆడేవాణ్ణీ, ఆట చెడగొట్టేవాణ్ణీ వేరు చేశాడు. తొండివాడు నియమాల్ని గౌరవిస్తున్నట్టు నటిస్తాడు కాబట్టి ఆట నిలబడుతుంది. చెడగొట్టేవాడు ఆటనే కాదంటాడు కాబట్టి అందరికీ వాడి మీదే కోపం ఎక్కువ. నియమం తప్పకుండా ఎప్పటికీ ఓడనివాడు ఈ రెండు గదుల్లోనూ ఇమడడు. నియమం పాటిస్తూనే ఆట చెడగొడతాడు. అడ్మిన్లు అతని మీద చర్య తీసుకోలేక తలలు పట్టుకునేది అందుకే. ఇప్పుడు ఇంకో తరం వస్తోంది. 2019లో వచ్చిన ఏఐ డంజన్‌నుంచి నేటి చాట్‌బాట్ల దాకా, యంత్రంతో రోల్‌ప్లే నేర్చుకున్నవాళ్ళు. "డ్రాగన్ని ఒక్క వేటుతో చంపాను" అంటే యంత్రం చాలాసార్లు చచ్చిందనే రాస్తుంది. అక్కడ అలవాటు పడ్డవాడు మనుషుల గుంపులోకి వచ్చి మొదటి పోస్టులోనే ఎవరి తలో నరికితే అది దురుద్దేశం అనుకోనక్కర్లేదు, ఎవరూ అతనికి కాదని చెప్పలేదంతే. తిట్టేముందు ఒకసారి చంద్రి, మల్లన్నల పోస్టుల్లాంటివి పక్కపక్కన పెట్టి చూపిస్తే సరిపోతుంది.

గుంపులు నడిపే అడ్మిన్లకి నా విన్నపం ఒకటుంది. మీ నియమాల పేజీలో గాడ్‌మోడింగ్ కూడదు, పవర్‌గేమింగ్ కూడదు అని పెద్ద అక్షరాలతో రాసినది అలాగే ఉంచండి. దాని పైన మూడు మాటలు చేర్చండి: ఇద్దరు తలపడేముందు గెలుపు దేనితో తేలుతుందో చెప్పుకోవాలి, పాత్రకి జరగగల అతి పెద్ద నష్టమేమిటో చెప్పుకోవాలి, ఓడినవారి తర్వాతి సన్నివేశం వారే ఎంచుకోవాలి. పరిచయం లేనివాళ్ళ మధ్య అయితే పాచికే పెట్టండి, అదీ ఒక్కసారి కాదు, అయిదుసార్లు.